ఒక్క పీపా సంగతులు: పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇండిపెండెంట్ బాట్లర్లు పట్టే సింగిల్ కాస్క్ స్కాచ్ గురించే, అంటే ఒకే ఒక్క పీపాలోంచి బాటిళ్లలో నింపిన స్కాట్లండ్ విస్కీ. నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం. అందుకే పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

మేడమ్, లింక్‌వుడ్ సింగిల్ మాల్ట్ రెండు బాటిళ్లు రుచి చూశాను. రెండూ 12 ఏళ్లవే, రెండూ సింగిల్ కాస్క్, కానీ బాట్లర్లు వేరు. ఒకటి గడ్డిరంగులో, తేలిగ్గా, యాపిల్ వాసనతో ఉంది. రెండోది ముదురు గోధుమరంగులో, ఎండుద్రాక్ష తీపితో ఉంది. ఒకే డిస్టిలరీ అయితే ఇంత తేడా ఎలా వస్తుంది? రెండింట్లో ఒకటి నకిలీనా? – సుధాకర్

సుధాకర్ గారూ, నకిలీ అనుకోవాల్సిన పని లేదు. సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో (అదే మాల్ట్) చేసిన విస్కీ. స్పిరిట్ ఒకటే, పీపాలు వేరు. లేతరంగుది బహుశా రీఫిల్ హాగ్స్‌హెడ్‌లో పెరిగి ఉంటుంది. హాగ్స్‌హెడ్ అంటే సుమారు 250 లీటర్లు పట్టే పీపా, రీఫిల్ అంటే అంతకుముందే ఒకసారో రెండుసార్లో అందులో స్కాచ్ నింపి ఖాళీ చేశారని అర్థం. ముదురుదేమో షెర్రీ అనే స్పెయిన్ వైన్‌తో నానబెట్టిన పీపాలో, అందులోనూ మొదటిసారి విస్కీ నింపినదాంట్లో పెరిగి ఉంటుంది. స్టిల్ (స్పిరిట్ కాచే రాగి పాత్ర) నుంచి దిగేటప్పుడు స్పిరిట్‌కి రంగు ఉండదు. నీళ్లలా తేటగా ఉంటుంది. ఆ తర్వాత వచ్చే రంగు ఓక్ చెక్కదీ, ఆ చెక్కలో అంతకుముందు ఇంకి ఉన్నదానిదీ.

డిస్టిలరీ తన సొంత పేరుతో అమ్మే బాటిల్లో మీకు ఈ తేడా కనబడదు. వాళ్లు ఎన్నో పీపాలు కలిపి, ఏ ఏడాది కొన్నా అదే రుచి వచ్చేలా సరిచేస్తారు. కారమెల్ రంగు కలపడానికి కూడా స్కాచ్ చట్టం ఒప్పుకుంటుంది. ఇండిపెండెంట్ బాట్లర్ పని వేరు. డిస్టిలరీ దగ్గరో బ్రోకర్ దగ్గరో పీపాలు కొని, తనకి సరైన సమయం అనిపించినప్పుడు తన పేరు మీద బాటిళ్లలో నింపుతాడు. స్కాచ్‌లో ఎక్కువ భాగం బ్లెండ్‌లకే, అంటే పలు డిస్టిలరీల విస్కీలు కలిపి చేసేవాటికే పోతుంది. బ్లెండ్‌కి రకరకాల మాల్ట్‌లు కావాలి కాబట్టి కంపెనీలు పీపాలు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటాయి. ఆ లావాదేవీల్లోంచే ఇలాంటి పీపాలు బయటికి వస్తాయి. పాత వ్యాపారమే ఇది. కాడెన్‌హెడ్ 1842లో అబర్దీన్‌లో మొదలైంది, గోర్డన్ అండ్ మక్‌ఫైల్ 1895లో ఎల్గిన్‌లో కిరాణా కొట్టుగా మొదలైంది. చాలా డిస్టిలరీలు తమ మాల్ట్‌ని విడిగా అమ్మాలని అనుకోని రోజుల్లో, వాటి రుచి జనానికి తెలిసింది ఇలాంటి వాళ్ల వల్లే. లింక్‌వుడ్ కూడా ఇవాళ్టికీ ఎక్కువగా బ్లెండ్‌లకి పోయే మాల్టే.

రెండింట్లో ఏది మంచిదని మీరు అడగలేదు గానీ, నా మాట చెబుతాను. లేతరంగుదాన్ని మళ్లీ పోసుకోండి. పక్కవాద్యం మరీ గట్టిగా మోగితే పాట వినబడదు. ఫస్ట్ ఫిల్ షెర్రీ పీపా చాలాసార్లు చేసేది అదే. మీ గడ్డిరంగు బాటిల్లో చెక్క వెనక్కి తగ్గింది కాబట్టి లింక్‌వుడ్ స్పిరిట్ ముందుకు వచ్చింది: పచ్చి యాపిల్, కోసిన గడ్డి, పూల వాసన. ఆ డిస్టిలరీ స్వభావం అదే. ఒక డిస్టిలరీ గురించి తెలుసుకోవాలంటే రీఫిల్ హాగ్స్‌హెడ్‌ని మించిన గురువు లేదని నేను గట్టిగా నమ్ముతాను. కొనేవాళ్లు రంగు చూసి ముదురుదాని వైపే మొగ్గడం చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

లేబుల్ మీద బోలెడన్ని అంకెలు ఉన్నాయి. "డిస్టిల్డ్ డిసెంబరు 2009, బాటిల్డ్ మే 2022, రీఫిల్ హాగ్స్‌హెడ్, 55.3 శాతం, 274 బాటిళ్లు." వీటిలో ఏవి పట్టించుకోవాలి? – లత

అన్నీ పట్టించుకోవాల్సినవే లత గారూ. అన్నీ కలిపి చదివితే ఆ పీపా బతుకంతా తెలిసిపోతుంది.

ముందు వయసు చూద్దాం. 2009 నుంచి 2022 అంటే 13 ఏళ్లు అనిపిస్తుంది గానీ, 13 నిండలేదు కాబట్టి లేబుల్ మీద 12 అనే వేయాలి. స్కాచ్‌లో వయసుని నిండిన ఏళ్లలోనే చెబుతారు. ఇప్పుడు ఆ 274 సంగతి. హాగ్స్‌హెడ్‌లో సుమారు 250 లీటర్లు పోశారనుకోండి. ఏటా దాదాపు 2 శాతం ఆవిరైపోతుంది. దేవదూతల వాటా అంటారే, అది. పన్నెండేళ్లు పైబడేసరికి 195 లీటర్లు మిగలాలి. 700 మిల్లీలీటర్ల బాటిళ్లలో నింపితే 278 వస్తాయి. శాంపిళ్లకీ వడపోతకీ కొంచెం పోతుంది. 274 చక్కగా సరిపోయింది. అంటే పీపా మొత్తం, నీళ్లు కలపకుండా బాటిళ్లలోకి వచ్చింది. పీపాలోకి నింపేటప్పుడు స్పిరిట్‌లో ఆల్కహాల్ మామూలుగా 63.5 శాతం ఉంటుంది. స్కాట్లండ్ తడి వాతావరణంలో నీటికన్నా ఆల్కహాల్ ఎక్కువగా పోతుంది కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ ఆ శాతం దిగుతూ వస్తుంది. పన్నెండేళ్లకి 55.3 సహజమైన అంకె.

ఈ లెక్క చేతిలో ఉంటే మిగతా లేబుళ్లు కూడా మాట్లాడతాయి. హాగ్స్‌హెడ్ అని రాసి, 90 బాటిళ్లే అన్నారంటే ఆ పీపాని ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారులు పంచుకుని ఉండొచ్చు. 46 శాతం అని ఉండి బాటిళ్లు 340 దాకా వచ్చాయంటే నీళ్లు కలిపి పట్టారు. అందులో తప్పేమీ లేదు. 46 శాతం చాలా మర్యాదైన బలం. 600 బాటిళ్లు వస్తే అది హాగ్స్‌హెడ్ అయ్యే వీల్లేదు. బట్ అనే 500 లీటర్ల పెద్ద పీపా అయ్యుండాలి.

ఒక్క జాగ్రత్త. 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనలు ఐదు రకాలని నిర్వచించాయి: సింగిల్ మాల్ట్, సింగిల్ గ్రెయిన్, బ్లెండెడ్ మాల్ట్, బ్లెండెడ్ గ్రెయిన్, బ్లెండెడ్. సింగిల్ కాస్క్ ఆ ఐదింట్లో లేదు. రెండు హాగ్స్‌హెడ్‌లలో పెరిగినదాన్ని ఒక షెర్రీ బట్‌లోకి మార్చి, కొన్ని నెలలు ఉంచి, ఆ బట్ ఒక్కటే కదా అని సింగిల్ కాస్క్‌గా అమ్మేవాళ్లూ ఉన్నారు. నిజాయితీ ఉన్న బాట్లర్ ఆ మార్పిడి తేదీ కూడా లేబుల్ మీద వేస్తాడు. నేను కొనేది అలాంటివాళ్ల దగ్గరే.

బాటిల్ అడుగున నల్లటి నలకలు కనిపిస్తున్నాయి. పాడైపోయిందా? – పేరు రాయలేదు

లేదు, అది బొగ్గు. బర్బన్ అనే అమెరికన్ విస్కీ పట్టిన పీపాల లోపలి గోడని మంటతో కాలుస్తారు. ఆ మసి తునకలు విస్కీలోకి రాలతాయి. కాంప్‌బెల్‌టౌన్‌లో కాడెన్‌హెడ్ వాళ్ల గోదాములో రుచి చూపించేటప్పుడు ఇది కళ్లముందే జరుగుతుంది. పీపా పొట్ట మీది బిరడా తీస్తారు. వాలించ్ అనే పొడవాటి గొట్టం లోపలికి దింపుతారు. పై రంధ్రాన్ని బొటనవేలితో మూసి పైకి లాగి, గ్లాసు మీద పెట్టి వేలు తీస్తారు. సర్రున దిగిన విస్కీలో మిరియపు పొడి అంత నల్లటి రేణువులు సుడి తిరుగుతూ అడుక్కి చేరతాయి. ఫ్యాక్టరీ బాటిల్లో సన్నటి ఫిల్టర్లు వాటిని ఆపేస్తాయి. సింగిల్ కాస్క్ పట్టేవాళ్లు చాలామంది ముతక వడపోతతో సరిపెడతారు. ఆ నలకలు చూస్తే నాకు సంతోషమే.

కాస్క్ స్ట్రెంత్ విస్కీ ముక్కు దగ్గర పెట్టుకోగానే కళ్లలో నీళ్లు వస్తున్నాయి. నీళ్లు కలపొచ్చా? కలిపితే రుచి పాడవుతుందని మా ఫ్రెండ్ వాదన. – ప్రవీణ్

కలపండి ప్రవీణ్ గారూ, నిరభ్యంతరంగా. కాస్క్ స్ట్రెంత్ అంటే నీళ్లు కలపకుండా పీపాలో ఉన్న బలంతోనే పట్టినదని కదా. వాసన చూసి నిర్ణయించడమే పనిగా ఉన్న బ్లెండర్లు శాంపిల్‌ని 20 శాతం దాకా పలచన చేసి చూస్తారు. దీనికి కారణం కూడా ఉంది. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ యూనివర్సిటీ పరిశోధకులు ఇద్దరు కంప్యూటర్ సిమ్యులేషన్‌తో ఒక సంగతి చూపించారు. పొగ వాసన ఇచ్చే గ్వాయకాల్ అనే పదార్థం, ఆల్కహాల్ 45 శాతం లోపు ఉన్నప్పుడు ద్రవం పై పొరకి చేరుతుంది. 59 శాతం దాటితే ఆల్కహాల్ దాన్ని చుట్టుముట్టి లోపలే ఉంచేస్తుంది. మన ముక్కు చేరేది పై పొరనే కదా.

అయితే ముందే పోసేయకండి. నేను చేసే పద్ధతి ఇది. తులిప్ పువ్వులా మూతి సన్నగా ఉండే గ్లాసులో 25 మిల్లీలీటర్లు పోసి, పది నిమిషాలు ఊరికే వదిలేస్తాను. గ్లాసుని తిప్పను. బలమైన విస్కీని గిరగిరా తిప్పితే ఆల్కహాల్ ఆవిరి ఒక్కసారిగా లేచి ముక్కుని మొద్దుబారుస్తుంది. గ్లాసు అంచు పై పెదవికి ఆనించి, నోరు కొంచెం తెరిచి ఉంచి మెల్లగా పీలుస్తాను. నోరు తెరిచి ఉంటే ఘాటు సగం తగ్గుతుంది. మొదటి గుక్క మరీ చిన్నది, నాలుకని సిద్ధం చేయడానికే. రెండో గుక్క నుంచే రుచి చూడటం మొదలు. ఆ తర్వాత నీళ్లు, డ్రాపర్‌తో చుక్క చుక్కగా. 57 శాతం ఉన్న 25 మిల్లీలీటర్లకి ఒక టీస్పూను నీళ్లు పడితే దాదాపు 47 శాతానికి వస్తుంది. ఒకేసారి పోసి దాటిపోతే మళ్లీ వెనక్కి రాలేం కాబట్టి ఈ ఓపిక.

ఏం మారుతుందో చూడాలంటే క్లైన్‌లీష్ సింగిల్ కాస్క్‌ని మించింది లేదు, అది కూడా రీఫిల్ పీపాది. నీళ్లు పడకముందు నిమ్మతొక్క, ఉప్పుగాలి, కొంచెం మంట. నాలుగైదు చుక్కలు పడ్డాక మంట దిగిపోయి, నాలుక మీద మైనం పూసినట్టు ఒక నున్నటి పొర నిలుస్తుంది. ఆర్పేసిన కొవ్వొత్తి వాసన. ఆ మైనపు గుణం ఆ డిస్టిలరీ సొత్తు. రెండో స్టిల్‌లోకి వెళ్లే ముందు స్పిరిట్ ఆగే తొట్టిలో ఏళ్ల తరబడి పేరుకునే జిడ్డుదే ఆ మహిమ అంటారు. ఒకసారి ఆ తొట్టిని శుభ్రంగా కడిగేస్తే విస్కీలో మైనం మాయమైంది. అప్పట్నించీ ఆ జిడ్డుని కాపాడుకుంటూ వస్తున్నారు.

నీళ్లు పోశాక విస్కీ కొంచెం మబ్బు పట్టినట్టు కనబడితే కంగారు పడకండి. చిల్ ఫిల్ట్రేషన్, అంటే చల్లబరిచి వడకట్టడం, చేయలేదన్నమాట. నోట్లో ఆ నిండుతనాన్ని ఇచ్చే కొవ్వు జాతి పదార్థాలు 46 శాతానికి దిగువన, చల్లదనానికి అలా తేలతాయి.

షెర్రీ బట్‌లో పెరిగిన సింగిల్ కాస్క్ ఒకటి తెచ్చుకున్నాను. మూత తీయగానే కాలిన అగ్గిపుల్ల, రబ్బరు వాసన. ఇంత డబ్బు పోసి కొన్నాను, చాలా టెన్షన్‌గా ఉంది. – శ్రీధర్

శ్రీధర్ గారూ, ఆ వాసన గంధకానిది. రెండు దారుల్లో రావచ్చు. ఖాళీ పీపా బూజు పట్టకుండా లోపల గంధకం వెలిగించే అలవాటు ఉంది. అది మిగిలిపోతే విస్కీలోకి దిగుతుంది. ఇది పీపా దోషం. రెండోది స్పిరిట్ స్వభావం. ఆవిరిని చల్లబరిచేటప్పుడు రాగి ఎంత ఎక్కువ తగిలితే అంత గంధకం పోతుంది. మోర్ట్‌లాక్, బెన్‌రినెస్, క్రెయిగెల్లాకీ లాంటి డిస్టిలరీల్లో ఇప్పటికీ చల్లటి నీళ్ల తొట్టిలో చుట్టలు చుట్టిన పాతకాలపు గొట్టాలే వాడతారు. వాటిలో రాగితో సావాసం తక్కువ. అందుకే వాటి స్పిరిట్ బరువుగా, మాంసపు పులుసు గుణంతో ఉంటుంది. చిన్న అగ్గిపుల్ల వాసన అందులో భాగమే.

మీ బాటిల్ ఏ డిస్టిలరీదో రాయలేదు. గ్లాసులో పోసి అరగంట వదిలేయండి. స్పిరిట్ తాలూకు గంధకమైతే చాలావరకు తగ్గి, వెనక నుంచి పండ్ల తీపి లేస్తుంది. అరగంట తర్వాత కూడా రబ్బరే మిగిలితే అది పీపా దోషమే. బాటిల్‌లో మూడొంతులు మిగిలి ఉండగా ఒకటి రెండు నెలలు ఆగి మళ్లీ చూడండి, కొన్ని బాగుపడతాయి. కొన్ని బాగుపడవు. వంద పీపాలు కలిపేచోట ఇలాంటి ఒక్క పీపా కనబడకుండా పోతుంది. సింగిల్ కాస్క్‌లో దాక్కోవడానికి చోటు లేదు. అందుకే తెలియని షెర్రీ బట్‌ని పూర్తి బాటిల్ కొనేముందు ఎక్కడైనా ఒక్క డ్రామ్ (ఒక చిన్న గ్లాసు కొలత) రుచి చూడమని అందరికీ చెబుతుంటాను.

కొన్ని బాటిళ్ల మీద డిస్టిలరీ పేరే ఉండదు. "సీక్రెట్ ఆర్క్‌నీ" అని ఒకటి, "వార్డ్‌హెడ్" అని ఇంకొకటి చూశాను. వార్డ్‌హెడ్ అనే డిస్టిలరీ ఎక్కడుంది? – అనురాధ

ఎక్కడా లేదు అనురాధ గారూ. గ్లెన్‌ఫిడిక్ పీపాలో కొంచెం బాల్వెనీ కలిపి బయటికి అమ్మే మాల్ట్‌కి పెట్టిన పేరది. బాల్వెనీలో గ్లెన్‌ఫిడిక్ కలిపితే బర్న్‌సైడ్. కలిపేది ఒక టీస్పూను అన్నంత తక్కువే, అందుకే వీటిని టీస్పూన్డ్ మాల్ట్ అంటారు. రెండు డిస్టిలరీల స్పిరిట్ కలిసింది కాబట్టి చట్టం ప్రకారం అది సింగిల్ మాల్ట్ కాదు, బ్లెండెడ్ మాల్ట్. కొన్నవాడు గ్లెన్‌ఫిడిక్ పేరు వేసుకోలేడు. కంపెనీకి కావాల్సింది కూడా అదే.

సీక్రెట్ ఆర్క్‌నీ సంగతి వేరు. అక్కడ ఏమీ కలపరు, పేరు వాడొద్దని ఒప్పందం ఉంటుందంతే. ఆ దీవుల్లో పాత డిస్టిలరీలు హైలండ్ పార్క్, స్కాపా రెండే. పీట్ (బార్లీని ఆరబెట్టడానికి కాల్చే బురదనేల మట్టి) పొగ తగిలితే హైలండ్ పార్క్ అని మీరే ఊహించుకోవచ్చు. 1983లో ఎడిన్‌బరోలో మొదలైన స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ అయితే అన్ని పేర్లూ తీసేసి నంబర్లు పెట్టింది. చుక్కకి ముందున్న అంకె డిస్టిలరీది, తర్వాతది ఆ డిస్టిలరీ నుంచి వాళ్లు పట్టిన ఎన్నో పీపా అన్నది. నాకు ఈ పద్ధతి ఇష్టం. పేరు తెలియనప్పుడు మనిషి నిజంగా రుచి చూస్తాడు.

25 ఏళ్లదొకటి కొనాలా, అదే డబ్బుతో 11 ఏళ్లవి నాలుగు కొనాలా? – రమేష్

నాలుగు. వేర్వేరు డిస్టిలరీలవి, అన్నీ రీఫిల్ పీపాలవి తీసుకోండి. వయసు ఎక్కువైతే చెక్క వగరు స్పిరిట్‌ని మింగేసే ప్రమాదం కూడా ఎక్కువే.

గోర్డన్ అండ్ మక్‌ఫైల్ ఇక కొత్త పీపాలు నింపదని చదివాను. ఇండిపెండెంట్ బాట్లింగ్ రోజులు అయిపోయినట్టేనా? – వెంకటేశ్వర్లు

మీరు చదివింది నిజమే. 2024 నుంచి ఇతర డిస్టిలరీల స్పిరిట్‌తో కొత్తగా పీపాలు నింపడం ఆపేస్తామని 2023లో ప్రకటించారు. వాళ్ల గోదాముల్లో ఉన్న నిల్వలు ఇంకా దశాబ్దాల పాటు బాటిళ్లలోకి వస్తూనే ఉంటాయి కాబట్టి మన కాలానికి లోటు లేదు. కానీ అది చిన్న వార్త కాదు. తమ సొంత పీపాల్ని డిస్టిలరీకి పంపి, కొత్త స్పిరిట్ నింపించుకుని, దగ్గరుండి పెంచిన సంస్థ అది. పెరిగిన పీపాని కొనడం వేరు, పుట్టినప్పటి నుంచి పెంచడం వేరు. ఆ రెండో పని చేసేవాళ్లు తగ్గిపోవడం నాకు నచ్చడం లేదు.

ఎందుకిలా అంటే, సింగిల్ మాల్ట్‌కి గిరాకీ పెరిగాక డిస్టిలరీలు తమ పీపాల్ని తమకే ఉంచుకుంటున్నాయి. అది గ్రహించి బాట్లర్లు సొంత డిస్టిలరీలు పెట్టుకున్నారు. గోర్డన్ అండ్ మక్‌ఫైల్ 1993లోనే బెన్‌రోమాక్ కొన్నది. సిగ్నెటరీ 2002లో ఎడ్రడావర్ కొన్నది. అడెల్ఫీ 2014లో ఆర్డ్‌నమర్కన్ మొదలుపెట్టింది. హంటర్ లేంగ్ ఐలా దీవిలో ఆర్డ్‌నాహో 2019లో తెరిచింది. చేతిలో మంచి స్పిరిట్ ఉంటే బేరానికి విలువ ఉంటుంది, ఇచ్చిపుచ్చుకోవచ్చు. కాబట్టి రోజులు అయిపోలేదు. అయితే పెద్ద పేర్లు లేబుళ్ల మీద తగ్గుతాయి, సీక్రెట్‌లు పెరుగుతాయి. కల్ ఈలా, గ్లెన్‌రోథెస్, బెన్‌రినెస్ లాంటివి ఇప్పటికీ ధారాళంగానే దొరుకుతున్నాయి. అవి వదులుకోకండి.

నలుగురం కలిసి ఐదారు సింగిల్ కాస్క్‌లు వరుసగా రుచి చూద్దామనుకుంటున్నాం. ఏ వరుసలో? మిగిలిన బాటిళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయి? – మాధవి

మాధవి గారూ, ఐదు చాలు. ఆరోదానికి ఎవరి నాలుకా నమ్మదగ్గ స్థితిలో ఉండదు. ఒక్కొక్కరికి ఒక్కో విస్కీ 10 మిల్లీలీటర్లు మించి పోయకండి. ఇవి 55 శాతం పైబడినవి, చిన్నగా కనిపించినా చాలా బలం. ఉమ్మడానికి ఒక గిన్నె పెట్టండి. రుచి చూడటమే పనిగా ఉన్నవాళ్లు ఉమ్మేస్తారు, అందులో నామోషీ లేదు. బండి నడపాల్సినవాళ్లు వాసనతో సరిపెట్టుకోవాలి.

వరుస అంటే, ముందు పీట్ లేనివి, రీఫిల్ పీపావి. తర్వాత షెర్రీవి. ఐలా పొగ విస్కీలు ఆఖరున. పొగ ముందు వస్తే తర్వాతి గ్లాసులన్నీ పొగే. అందరూ ఏమనిపించిందో ముందు కాగితం మీద రాసుకుని తర్వాత మాట్లాడుకోండి. లేకపోతే మొదట నోరు తెరిచినవాళ్ల మాటే అందరికీ రుచి అయిపోతుంది.

సగానికి పైగా నిండి ఉన్న బాటిల్ ఏడాది దాకా బాగానే ఉంటుంది. పావువంతుకి దిగాక గాలి ఎక్కువై వాసనలు చదునైపోతాయి, అప్పుడు రెండు మూడు నెలల్లో ముగించండి, లేదా చిన్న సీసాలోకి నిండుగా పోసి బిగించండి. ఎండ తగలనివ్వకండి. బాటిల్‌ని వైన్‌లా పడుకోబెట్టకండి, నిలబెట్టే ఉంచాలి. అంత బలమైన ఆల్కహాల్ తగులుతూ ఉంటే కార్కు మెత్తబడి, మూత తీసేటప్పుడు మెడలోనే విరుగుతుంది.